వదిన ముక్కు మూసుకున్న వారం

మా వదిన ముక్కు గురించి నేను చెప్పేదాంట్లో సగం అబద్ధమని మా అన్న అంటాడు. అంటే మిగతా సగం నిజమని ఒప్పుకున్నట్టే కదా, నాకది చాలు.

నేను వీధి మలుపు తిరగకముందే, బస్సులో ఎవరి పక్కన కూర్చుని వచ్చానో ఆవిడ వంటింట్లోంచి చెప్పేది. వాన సంగతి మేఘాలకి తెలియకముందే ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చేది. ఒకసారి బస్సులో ఎవరో మా అన్న పర్సు కొట్టేస్తే, వదిన ఒక్కసారి గాలి ఎగబీల్చి, ముందు వరసలో దర్జాగా కూర్చున్న ఒక పెద్దమనిషి జేబు చూపించిందట. మా అన్నది సైకిళ్లు బాగుచేసే షాపు. ఆయన పర్సుకి, ఆయన చొక్కాకి, ఆ మాటకొస్తే ఆయన పెళ్లి ఫోటోకి కూడా గ్రీజు వాసన ఉంటుంది. ఆ పెద్దమనిషి పర్సు తిరిగిచ్చేసి, "అమ్మా, మా ఆవిడతో మాత్రం స్నేహం చెయ్యకండి" అని దణ్ణం పెట్టి దిగిపోయాడట. ఆ బస్సులో నేను లేను. ఉండి ఉంటే ఇంకా బాగా చెప్పేవాణ్ణి.

వదిన పని చేసేది సబ్బుల ఫ్యాక్టరీలో. మొదట చుట్టే గదిలో చేరింది, అంటే సబ్బులకి కాగితాలు చుట్టే చోట. చేరిన కొత్తలో ఒక రోజు చేతిలోని గులాబీ సబ్బు కింద పెట్టేసి, దీంట్లో కిరసనాయిలు ఉంది అంది. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఓనరు గారు వచ్చి, వాసన చూసి, ఆయన కూడా నవ్వారు. ఆ సబ్బులు లారీలో వెళ్లి, అదే లారీలో తిరిగొచ్చాయి. సెంటు పంపినవాడు కిరసనాయిలు డబ్బా కడగకుండా అందులో సెంటు పోశాడని అప్పుడు తేలింది. దాంతో వదిన చుట్టే గది నుంచి మేడ మీది గదికి మారింది. ఆవిడ ఉద్యోగానికి కాగితం మీద ఏదో పొడుగాటి పేరుంది గానీ ఫ్యాక్టరీలో అందరూ పిలిచేది 'ముక్కమ్మ' అనే. ఆవిడ ఖాళీ చేసిన స్టూలు మీద నేను కూర్చున్నాను. అప్పటికే నేను తొమ్మిదో తరగతిని వదిలేసి ఖాళీగా ఉన్నాను. చదువే నన్ను వదిలేసిందని గిట్టనివాళ్లు అంటారు.

మేడ మీద ఆవిడ పని చూసి తీరాలి. కొత్త సెంటు డ్రమ్ము వస్తే, సన్నటి కాగితపు చీలిక అందులో ముంచి, గాలిలో ఆడించి, ముక్కుకి దూరంగా ఒకసారి, దగ్గరగా ఒకసారి చూస్తుంది. భోజనాలయ్యాక అదే చీలిక మళ్లీ చూస్తుంది. సాయంత్రం దిగే ముందు ఇంకోసారి. పొద్దున పెళ్లికొడుకులా నవ్విన సెంటు సాయంత్రానికి అల్లుడిలా అలుగుతుందట. మధ్యలో ముక్కు అలిసిపోతే తన మోచేతి మడత వాసన తానే చూసుకుంటుంది. సొంత ఒంటి వాసన తగిలితే ముక్కు మళ్లీ మొదటికొస్తుందని ఆవిడ లెక్క. కొత్తగా చేరినవాళ్లు తలుపు సందులోంచి అది చూసి, పాపం ఇంట్లో ముద్దు చేసేవాళ్లు లేరేమో అనుకునేవారు. పౌడరు రాసుకోదు, వాసన నూనె పెట్టుకోదు, పూలు ముట్టదు. ఊళ్లకి ఊళ్లకి మల్లెలూ గులాబీలూ పంపించే మనిషి, తను మాత్రం ఏ వాసనా లేని తెల్ల సబ్బు ముక్కతో స్నానం చేస్తుంది.

ఇక మా అమ్మ డబ్బా సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే అసలు కథ నడవదు.

మా అమ్మకి మందుల అట్టలంటే పడదు. బిళ్లకి అన్ని బట్టలెందుకు, వేళ్లు గీరుకుపోవడానికా, అంటుంది. కొన్న రోజునే అట్టలన్నీ చింపేసి, బిళ్లలన్నీ ఒక పాత పౌడరు డబ్బాలో పోసేస్తుంది. తెల్లవి జ్వరానికి, గులాబీవి ఒళ్లునొప్పులకి, పసుపువి జలుబుకి. అమ్మ వైద్యశాస్త్రం మొత్తం అంతే, ఇంద్రధనుస్సులో సగం కూడా లేదు. అయినా వీధి వీధంతా ఆ డబ్బా కోసమే మా గుమ్మం ఎక్కేది. తెల్లవాటిలో రెండు మూడు రకాలు కలిసిపోతే అమ్మ కంగారుపడేది కాదు. అరచేతిలో పోసి వదిన ముక్కు కింద పెట్టేది. "ఇది తలనొప్పిది అత్తయ్యా, ఇది కడుపులో మంటది" అని వదిన వేరుచేసి ఇచ్చేది. పసుపువి ఒకటే రకం కాబట్టి వాటిని ఎవరూ ఎప్పుడూ ఆవిడ ముక్కు దాకా తీసుకెళ్లలేదు.

ఇలా మా ఇంట్లో ఏ మందు పేరూ ఎక్కడా రాసి ఉండేది కాదు. పేర్లన్నీ వదిన ముక్కులో ఉండేవి. ఆ ముక్కుకి ఏదైనా అయితే ఎలా అని ఎవరికీ తట్టలేదు. సూర్యుడు రేపు రాకపోతే ఎలా అని ఎవరికి తడుతుంది?

అలాంటి వదినకి, పెళ్లయిన చాలా ఏళ్లకి, ఇక అడగడం చుట్టాలు కూడా మానేశాక, కడుపు పండింది. మొదటి నెలల్లో ఆ ముక్కు చేసిన ఆగడం ఇంతా అంతా కాదు. పక్కింట్లో పాలు విరిగితే మా ఇంట్లో ఈవిడకి వాంతి. మా అన్నని గ్రీజు వాసనతో గడప దాటనిచ్చేది కాదు. ఆయన షాపు దగ్గరే ఒళ్లు తోముకుని, ఇంటికొచ్చి మళ్లీ తోముకుని, చివరికి మెట్ల మీద కూర్చుని కిటికీలోంచి సంసారం చేశాడు. తోమీ తోమీ ఆయన రంగు రెండు నెలల్లో ఎంత తేలిందంటే, షాపుకొచ్చిన పాత గిరాకీలు "మెకానిక్కు గారు లేరా బాబూ" అని ఆయన్నే అడిగేవారు.

ప్రసూతి ఆస్పత్రి డాక్టరమ్మ మొదటి రోజే ఒక మాట చెప్పింది, నన్ను అడగకుండా ఏ మందూ నోట్లో వేసుకోవద్దని. వదిన ఆ మాటని కొంగుకి ముడేసుకుంది. ఐదో నెల దాకా అంతా సవ్యంగానే నడిచింది.

ముక్కున్నంత కాలం పడిశం తప్పదంటారు. అంత ముక్కున్న మనిషికి అంతకి తగ్గ పడిశమే వచ్చింది. ఒక సాయంత్రం బస్సు కోసం నిలబడి వానలో తడిసింది. మర్నాటికి ముక్కు రెండు వైపులా మూసుకుపోయింది. కళ్లు ఎర్రబడ్డాయి, గొంతు మారిపోయింది, పడుకుంటే ఊపిరి అందక లేచి కూర్చునేది. ఆవిడ తుమ్మితే గోడ గడియారం ఆగిపోయేది, మళ్లీ తుమ్మితే నడిచేది. పొద్దున్నే కాఫీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత మోచేతి మడత చూసుకుంది. చెయ్యి కింద పెట్టేసి, "నా వాసన కూడా నాకు రావట్లేదు" అంది. మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

సలహాలకి మాత్రం కరువు లేకపోయింది. మా అన్న ట్యూబు వాల్వు మూసుకుపోయిన సైకిలుతో పోల్చి, గాలి కొట్టినట్టు ఒక పక్క నుంచి గట్టిగా చీదితే రెండో పక్క తెరుచుకుంటుందన్నాడు. ఎదురింటి టైలరు భార్య, తన మేనత్త కడుపుతో ఉండగా ఏదో సిరప్పు సీసాడు తాగిందనీ, ఆ పిల్లాడు ఇప్పుడు ఆరడుగులున్నాడనీ చెప్పింది. ఆ పిల్లాణ్ణి నేనెరుగుదును. ఆరడుగులున్న మాట నిజమే, అంతకు మించి చెప్పుకోదగ్గది అతనిలో ఏమీ లేదు.

అమ్మ మాత్రం మాటలు పెట్టుకోలేదు. డబ్బా మూత తీసి, పసుపు బిళ్ల ఒకటి అరచేతిలో పెట్టి వదిన ముందు నిలబడింది.

"వేసుకో అమ్మాయ్. వీధి వీధికంతా తగ్గించిన బిళ్ల."

"పేరేంటి అత్తయ్యా?"

"బిళ్లకి పేరేంటే? పసుపుది."

"పేరు తెలియని మనిషిని గుమ్మంలోకే రానివ్వరు మీరు. పేరు తెలియని బిళ్లని నన్ను కడుపులోకి రానివ్వమంటారు."

"పోనీ నువ్వే వాసన చూసి చెప్పు."

అని, ఆ మాట అన్నాక, అమ్మకే అర్థమైంది. ఇద్దరూ ఆ బిళ్ల వంక చూశారు. ఎప్పుడూ పేరు చెప్పే ముక్కు, అవసరం తనదైనప్పుడే నోరు మూసుకుంది.

"నాదైతే ఒట్టి తుమ్మే అత్తయ్యా, నాలుగు రోజులు ఓర్చుకుంటాను. లోపలున్నవాళ్లకి ఏమవుతుందో ఎవరు చూశారు" అంది వదిన, మెల్లగా. అమ్మ బిళ్లని డబ్బాలో వేసి, మూత కాస్త గట్టిగానే పెట్టింది.

ఇంట్లో సంగతి ఇలా ఉంటే ఫ్యాక్టరీలో ఇంకోలా ఉంది. సరిగ్గా ఆ వారమే ఓనరు గారు కొత్త వ్యాపారి దగ్గర మల్లె సెంటు డ్రమ్ము తెప్పించారు. వదిన చూసి బాగుందంటే ఉంచుకోవాలి, లేదంటే మర్నాడు మధ్యాహ్నం ఆ వ్యాపారి బండి వచ్చేసరికి తిప్పి పంపెయ్యాలి. వదిన చీలిక ముంచింది, ఆడించింది, దూరంగా పెట్టింది, దగ్గరగా పెట్టింది, చివరికి ముక్కుకి రాసుకున్నంత పని చేసింది. తెల్ల కాగితం తెల్ల కాగితంలాగే ఉంది.

ఓనరు గారు మంచివారే. చెడ్డవారైతే కథ తేలికయ్యేది. ఆయన జేబులోంచి ఒక బిళ్లల అట్ట తీసి, తండ్రి కూతురికి చాక్లెట్టు ఇచ్చినంత ప్రేమగా ఇచ్చారు. తనకి జలుబు చేసినప్పుడల్లా ఇదే వేసుకుంటాననీ, గంటలో ముక్కు రైలు సొరంగంలా తెరుచుకుంటుందనీ, రెండు రైళ్లు ఎదురెదురుగా వెళ్లొచ్చనీ చెప్పారు. వదిన మొహమాటంగా, డాక్టరమ్మని అడిగి వేసుకుంటానంది. అడగమ్మా, అడుగు, ఎవరొద్దన్నారు, అన్నారాయన. రేపు మధ్యాహ్నానికి మాత్రం నాకు ముక్కు కావాలి, లేకపోతే మా బావమరిదిని కూర్చోబెడతాను, అని కూడా అన్నారు.

ఆ బావమరిది గారు చాలా కాలంగా ఫ్యాక్టరీలో ఏదో ఒక కుర్చీ కోసం తిరుగుతున్నారు. ఆయన నస్యం పీలుస్తారు. ఆయన రుమాలు ఒకసారి పొరపాటున మెట్ల మీద పడిపోతే, దాన్ని దాటలేక చుట్టే గది మొత్తం మధ్యాహ్నం దాకా కిందే ఉండిపోయింది. అలాంటాయన ఒకసారి ఆ కుర్చీలో కూర్చుంటే మళ్లీ లేవరని అందరికీ తెలుసు. వదినకి ఇంకా బాగా తెలుసు. పురిటికి వెళ్లి తిరిగొచ్చాక ఆ కుర్చీ ఉండాలి. మా ఇంట్లో సైకిళ్ల మీద నడిచేది సగం సంసారం, రెండో సగం ఆ ముక్కు మీదే నడుస్తోంది.

ఆ రోజు ఇంటికొచ్చేటప్పుడు బస్సులో అట్ట తీసి చూసుకుంటూనే ఉంది. వెండిరంగు కాగితాన్ని వేలితో నిమిరేది, మళ్లీ సంచీలో వేసేది. "దీనికి పేరుంది కదా మరిదీ, దీంట్లో ఏమేం ఉన్నాయో రాసి కూడా ఉంది" అంది. చదివి వినిపించమంటావా అన్నాను. చదివాను. పలికేసరికి నాకే జలుబు చేసింది. ఆ పేర్లు విని ఇద్దరికీ తెలిసిందల్లా, మాకేమీ తెలియదని.

ఇంటికి చేరేసరికి అమ్మ గుమ్మంలోనే వేడి పాల గ్లాసుతో ఎదురొచ్చింది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. మా అమ్మ పుట్టినప్పటి నుంచి ఎవరికీ గ్లాసు గుమ్మం దాకా తెచ్చివ్వలేదు. వదిన అలిసిపోయి ఉంది. కూర్చుని, సగం తాగింది. అమ్మ కదలకుండా, పరీక్ష రాసే పిల్లల దగ్గర నిలబడ్డ పంతులమ్మలా, ఆ గ్లాసునే చూస్తోంది.

"ఏంటమ్మా, పాలు అలా పసుపుగా ఉన్నాయి?" అన్నాను.

వదిన గ్లాసు దించింది. దాని అడుగున ఏదో పిండిలా తేలుతోంది. ఆవిడ గ్లాసు వంక చూసింది, అమ్మ వంక చూసింది. ఎన్నడూ అబద్ధం ఆడి ఎరగని మా అమ్మ, ఆడదామని నోరు తెరిచి, ఎలాగో తెలియక మూసేసింది.

"నూరి కలిపారా?"

"రెండే. నీకు ఊపిరాడక నువ్వు కూర్చుంటుంటే నేను చూడలేకపోయానే. వాసన రాదు కదా, తాగేస్తావనుకున్నాను."

"వాసన వస్తే కలిపేవారు కాదా?"

"వస్తే నువ్వు తాగుతావా?"

వదిన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. గ్లాసుని చప్పుడు కాకుండా కింద పెట్టి, కడుపు మీద చెయ్యి వేసుకుని, నేల వంక చూస్తూ కూర్చుంది. ఆ చెయ్యి చూశాక నాకు ఒక్క వెటకారం కూడా దొరకలేదు. నాకలా జరగడం అదే మొదలు.

నేను ఆటో పిలిచాను. దారిలో షాపు దగ్గర అన్నని ఎక్కించుకున్నాం. ఆయన ఒంటి నిండా గ్రీజు. వదిన పక్కనే కూర్చున్నాడు, ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. ఎన్ని నెలలకో గ్రీజు చెయ్యి పట్టుకోనిచ్చింది. అదీ ముక్కు పనిచెయ్యట్లేదు కాబట్టి. అమ్మ డబ్బాని ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా ఒక్క ముక్క మాట్లాడలేదు. అది మా వీధి చరిత్రలోనే లేదు.

డాక్టరమ్మ వదినని పరీక్ష బల్ల మీద కూర్చోబెట్టి, ఏం వేశారని అమ్మని అడిగింది.

"పసుపుదమ్మా."

"పేరు?"

"పసుపే."

"అట్ట ఏది?"

"అట్టలు ఉంచనమ్మా. ఇల్లంతా చెత్త అవుతుందని."

డాక్టరమ్మ డబ్బా తీసుకుని బల్ల మీద బోర్లించింది. బిళ్లలు దొర్లుకుంటూ వెళ్లి కొన్ని కింద పడ్డాయి. అన్న వంగి ఏరబోతే, వద్దు ఉండనివ్వండి అంది. ఈ గులాబీవాటిలో ఏవైనా ఒంటినొప్పుల బిళ్లలు ఉంటే, ఈ నెలల్లో కొన్ని రకాలు బిడ్డకి చెరుపు చేస్తాయని చెప్పింది. ఈ పసుపువి ఏమిటో చూసి చెప్పడానికి తానేమీ దేవుణ్ణి కానంది. ఇవి ఎక్కడ కొన్నారు, అని అడిగింది. ఆస్పత్రి పక్క మందుల షాపులోనే అంది అమ్మ. నన్నూ అమ్మనీ అక్కడికి పంపింది.

మందుల షాపాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని అమ్మని చూడగానే గుర్తుపట్టాడు. "ఈవిడా. ఎప్పుడొచ్చినా పేరు చెప్పరు, దేనికో చెప్పరు. అద్దంలోంచి వేలు చూపించి, అదిగో ఆ ఎర్రగీత అట్ట, ఆ పసుపువి, అంటారు. ఏమీ ప్రమాదం లేని మందు కదా అని నేనూ ఇచ్చేవాణ్ణి" అంటూ ఎర్రగీత అట్ట ఒకటి తీసి పెట్టాడు. అమ్మ దాన్ని చూసి, ఇదే, ఈ ఎర్రగీతే, ఎన్నేళ్లుగా చింపుతున్నాను, మర్చిపోతానా, అంది. డబ్బాలోది ఒకటి పక్కన పెట్టి చూశాం. అచ్చం కవలలు. నేను అట్ట మీది పేరు చదివి, దేనికి వాడతారని అడిగాను.

"విటమిన్లండీ. నోట్లో పుండ్లకీ, నీరసానికీ."

"జలుబుకి?"

"జలుబుకి దీనికీ సంబంధం ఏముంది?"

మా అమ్మ షాపు అరుగు మీద కూర్చుండిపోయింది. అమ్మ కళ్ల ముందు వీధి వీధంతా తిరిగి ఉంటుంది, టైలరు, టైలరు భార్య, వాళ్ల పిల్లలు, ఎదురింటి ముసలాయన, ఒకరి తర్వాత ఒకరు తుమ్ముకుంటూ వచ్చి, పసుపు బిళ్ల పుచ్చుకుని, వారం తిరిగేసరికి తగ్గిందమ్మా చేతి చలవ అని వెళ్లినవాళ్లంతా.

"అయితే వాళ్లకి ఎలా తగ్గింది?" అంది చివరికి.

"జలుబు దానంతటదే తగ్గుతుందండీ. మనం దారికి అడ్డం రాకపోతే చాలు."

అట్ట తీసుకెళ్లి డాక్టరమ్మకి చూపించాం. ఆవిడ ఊపిరి వదిలింది. ఈసారి ప్రమాదం ఏమీ లేదు, ఇదే అయితే, అంది. ఆ 'ఇదే అయితే'ని గట్టిగా నొక్కింది. అప్పుడు వదిన కడుపు మీద, బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న యంత్రం పెట్టింది. మేం తెర ఇవతల ఉన్నాం. మొదట గరగర, తర్వాత చెప్పాపెట్టకుండా గుర్రం పరుగు. అంత చిన్న మనిషికి అంత తొందరేమిటో. అన్న గ్రీజు చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. మొహం మీద మీసాలు రెండు జతలయ్యాయి. నవ్వుదామని అమ్మ వైపు తిరిగాను. అమ్మ గోడకి తిరిగి ఉంది.

లోపల వదిన సంచీలోంచి ఓనరు గారి అట్ట తీసినట్టుంది. ఆవిడ గొంతు వినిపించింది.

"దీనికైతే పేరుంది డాక్టరు గారూ. ఒక్కటంటే ఒక్కటి వేసుకోవచ్చా? రేపు మధ్యాహ్నానికి నాకు ముక్కు కావాలి. లేకపోతే నా కుర్చీ పోతుంది."

డాక్టరమ్మ అట్ట వెనక చదివింది. ఒక బిళ్లలో ముగ్గురున్నారమ్మా, అంది. ఒకరు జ్వరానికి, ఒకరు తుమ్ములకి, ఒకరు ముక్కు తెరవడానికి. మీకు జ్వరమే లేదు, ఆ మొదటాయనతో పనే లేదు. ఆ మూడో ఆయన రక్తనాళాల్ని బిగిస్తాడు, బీపీ పెంచుతాడు. మీ బీపీ ఇప్పటికే గడప మీద నిలబడి లోపలికి తొంగిచూస్తోంది. మీ ఓనరు గారికి ఇది మంచిదే కావచ్చు, ఆయన కడుపుతో లేరు.

"మరి నేనేం వేసుకోను?"

"ఉప్పునీళ్ల చుక్కలు రాసిస్తాను, ముక్కులో వేసుకోండి. ఆవిరి పట్టండి, గిన్నె ఒలకకుండా జాగ్రత్తగా. గోరువెచ్చటి నీళ్లు బాగా తాగండి, తల కింద ఎత్తు పెట్టుకుని పడుకోండి. జ్వరం వస్తే ఒట్టి పారాసిటమాల్, అదీ నాకు చెప్పి, నేను చెప్పినంతే. జ్వరం ఎక్కువైనా, ఊపిరి కష్టమైనా ఆలోచించకుండా వచ్చెయ్యండి. కొందరికి కడుపుతో ఉన్నప్పుడు జలుబు లేకపోయినా ముక్కు మూసుకుంటుంది, భయపడకండి. రేపటికి ముక్కు మాత్రం నేనివ్వలేనమ్మా. అది రావాలనుకున్నప్పుడు వస్తుంది."

వదిన బయటికొచ్చింది. అమ్మ ఏదో అనబోయింది. వదిన అమ్మ చేతిలోని ఖాళీ డబ్బా తీసుకుని తన సంచీలో వేసుకుని, "పదండి అత్తయ్యా, ఆకలేస్తోంది" అంది. మా ఇంట్లో క్షమాపణలు చెప్పడం, పుచ్చుకోవడం అంతకన్నా పొడుగ్గా ఎప్పుడూ జరగలేదు.

మర్నాడు వదిన ఫ్యాక్టరీకి వెళ్లి, అట్టని ఓనరు గారి బల్ల మీద పెట్టేసింది. డాక్టరమ్మ వద్దంది, నేను వేసుకోను, అంది. ఆవిడ గొంతు జలుబుతో బొంగురుగా ఉండటంతో అది తీర్పు చదివినట్టు వినిపించింది. ఓనరు గారు కాసేపు గడ్డం నిమురుకుని, అయితే బావమరిదిని పిలవక తప్పదన్నారు. పిలవండి, అంది వదిన. మేడ మీది గది పద్ధతి ప్రకారమే ఆయన కూడా చూడాలి, అంది.

ఆ పద్ధతి ఏమిటంటే, కొత్త సెంటుని ఒంటరిగా చూడకూడదు. పక్కన తెలిసిన వాసన ఇంకో చీలిక మీద పెట్టి, ఏది ఏదో చెప్పకుండా చూడాలి. వదిన ఓనరు గారి కళ్లెదుటే ఒక చీలిక మల్లె డ్రమ్ములో ముంచింది, రెండోది మెట్లు కడిగే ఫినాయిలు డబ్బాలో ముంచింది. చుట్టే గదిలో సబ్బులు వాటంతటవే చుట్టుకుంటాయని నేను కూడా మేడ మీదికి వెళ్లిపోయాను.

బావమరిది గారు నస్యం ఒక పట్టు పట్టి, రుమాలుతో తుడుచుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. మొదటి చీలిక చూసి పెదవి విరిచారు. రెండోది చూసి కళ్లు మూసుకున్నారు. తల వెనక్కి వాల్చారు. "బావగారూ, తోటలో ఉన్నట్టుంది. మల్లె అంటే ఇదీ" అన్నారు.

ఓనరు గారు ఆ చీలిక తీసుకుని తన ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే దూరం జరిపారు. తర్వాత కిందికి వెళ్లి, బండివాడితో, డ్రమ్ము ఇక్కడే ఉంటుంది, మూత తియ్యం, మా ముక్కమ్మకి నయమయ్యాక చెబుతాం, మీ వ్యాపారికి ఇష్టం లేకపోతే ఇప్పుడే తీసుకుపొమ్మను, అని చెప్పడం మెట్ల మీద నుంచి నేను విన్నాను. బండి ఖాళీగా వెళ్లింది. బావమరిది గారు తర్వాత కొన్నాళ్లు ఫినాయిలు వ్యాపారం పెట్టాలని ఆలోచించారని కూడా విన్నాను, అంటే నేనే పుట్టించాను.

ముక్కు దాని ఇష్టం వచ్చినప్పుడే వచ్చింది. ఒక పొద్దున అన్న షాపుకి బయల్దేరుతుంటే వదిన మంచం మీద నుంచే, "ఆ చొక్కా విప్పండి, కంపు" అంది. ఇంట్లో అందరం పండగ వచ్చినంత సంతోషపడ్డాం, అన్న తప్ప. ఆ రోజే మల్లె డ్రమ్ము చూసింది. పొద్దున బాగుంది, మధ్యాహ్నం బాగుంది, సాయంత్రం దిగే ముందు చూసి, అడుగున తుప్పు వాసన ఉందని చెప్పి తిప్పి పంపించేసింది. ఆ కుర్చీ ఇప్పటికీ ఆవిడదే. మధ్యలో పురిటికి వెళ్లినప్పుడు కూడా దాని మీద ఎవరినీ కూర్చోనివ్వకుండా ఓనరు గారు సబ్బు పెట్టెలు పేర్చి ఉంచారు.

పాప పుట్టింది. పుట్టగానే ఏడవలేదట. ముందు ముక్కు ఎగబీల్చి డాక్టరమ్మ చేతి వాసన చూసి, ఆస్పత్రి సబ్బు నచ్చక అప్పుడు ఏడ్చిందట. ఇది అబద్ధమని అన్న అంటాడు. ఆయన ఆ గదిలో లేడు, నేనూ లేను, కాబట్టి ఇద్దరి మాటకీ సమానమైన విలువే.

అమ్మ మాత్రం, అమ్మాయికి జలుబు తగ్గింది తన పసుపు బిళ్లలతోనే అంటుంది. సగం గ్లాసుకే అంత గుణం చూపించింది, గ్లాసుడు తాగి ఉంటే మర్నాటికే లేచి కూర్చునేది, అంటుంది. విటమిన్లే కదమ్మా అంటే, మా అమ్మ పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

అయితే డబ్బాలో ఇప్పుడు అట్టలు చింపకుండానే ఉంటాయి. మూత పట్టదు, తాడు కట్టి ఉంచుతుంది. మొన్న ఒక సాయంత్రం ఎదురింటి టైలరు భార్య వచ్చింది. ఆవిడకి ఇప్పుడు నాలుగో నెల. తుమ్ముకుంటూ, అలవాటుగా చెయ్యి చాపి, ఆ పసుపుది ఒకటి ఇవ్వు పిన్నీ, అంది. అమ్మ తాడు విప్పి, ఎర్రగీత అట్ట తీసి, నన్ను పిలిచి పేరు పైకి చదవమంది. చదివాను. అమ్మ శ్రద్ధగా విని, తల ఊపి, అట్టని మళ్లీ డబ్బాలో పెట్టి తాడు కట్టేసింది.

"పేరు తెలిసింది కదా పిన్నీ, ఇంకేం?" అంది టైలరు భార్య.

"పేరు మనకి తెలిస్తే చాలదే. అది నీ లోపలివాళ్లకి పడుతుందో లేదో చెప్పాల్సింది డాక్టరమ్మ. చెప్పులేసుకో, నేనూ వస్తాను" అంటూ అమ్మ లేచింది.

లోపల్నుంచి, పాపని ఒళ్లో వేసుకుని పడుకోబెడుతున్న వదిన గొంతు వినిపించింది.

"వెళ్లేముందు పొయ్యి కట్టెయ్యండి అత్తయ్యా. పాలు ఇంకాసేపట్లో పొంగుతాయి."

వెళ్లి చూశాను. గిన్నె అంచున నురగ అప్పుడే తల ఎత్తుతోంది.